యూరప్ వెళ్లే చేపకున్న కాగితం హైదరాబాద్ చేపకేదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

సముద్రంలో దొంగ వేట అనగానే అందరికీ గస్తీ నౌకలే గుర్తొస్తాయి. ఇండోనేషియాలో 2014-19 మధ్య మత్స్యశాఖ మంత్రిగా ఉన్న సూసీ పుడ్జియాస్తుతి విదేశీ దొంగ పడవల్ని వందల సంఖ్యలో ముంచేయించారు, మంచి పనే చేశారు. కానీ అన్ని దేశాలకూ అంత శక్తి ఎక్కడిది? తీరం నుంచి దాదాపు 370 కిలోమీటర్ల దాకా వేట హక్కు ఉందని చట్టం చెప్తుంది గానీ, సియెర్రా లియోన్ లాంటి పేద దేశానికి అంత నీటిని కాపలా కాయడం తలకు మించిన పని. ట్రాలర్లేమో ఇంకో దేశం జెండా కట్టుకుని, తామెక్కడున్నదీ చెప్పే ఏఐఎస్ పరికరాన్ని ఆపేసి, ఒడ్డు దగ్గర దాకా వచ్చి ఊడ్చుకుపోతాయి. ఘనాలో మరీ అన్యాయం, చిన్న పడవల వాళ్ల వలలో పడాల్సిన చేపల్నే ట్రాలర్లు పట్టేసి, గడ్డకట్టించి, నడిసముద్రంలో మళ్లీ వాళ్లకే అమ్ముకున్నాయి.

అందుకే దొంగ చేపను పట్టుకోవాల్సింది ఒడ్డున, అమ్మే చోట అంటాను. ఏ పడవ, ఎక్కడ పట్టిందో చెప్పే ధ్రువపత్రం లేకపోతే సముద్రపు చేపను యూరప్ 2010 నుంచీ రానివ్వడం లేదు. మన ఎగుమతిదారులు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా ఆ పత్రం తీసుకునే పంపుతున్నారు. మరి అదే తీరం నుంచి హైదరాబాద్ వచ్చే చేపకు ఏముంది? థర్మాకోల్ పెట్టె, ఐసు, అంతే.

మా దగ్గరి మార్కెట్లో జానెడు కూడా లేని వంజరం పిల్లలు కుప్పలుగా కనిపిస్తాయి, గుడ్డు పెట్టే వయసు రాకుండానే సన్నకన్ను వలకు చిక్కినవి. ఎక్కడివని అడిగితే అమ్మే ఆయన హోల్‌సేల్ వ్యాపారి పేరు చెప్తాడు, పాపం ఆయనకు తెలిసింది అంతవరకే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు వైపులా మరబోట్లు ఆగిపోవాలి, సరిగ్గా మృగశిర కార్తె కూడా అప్పుడే, ఊరంతా చేపల కోసం ఎగబడుతుంది! అందులో ఎక్కువ చెరువు చేపే, కాదనను. కానీ ఆ రోజుల్లో వచ్చే సముద్రపు చేప తెప్ప మీద పట్టిందో, కోల్డ్ స్టోరేజీలోదో, నిషేధం దాటి దొంగచాటుగా పట్టిందో కొనేవాడికి తెలిసే దారి లేదు.

దీనికి మూల్యం కట్టేది నిషేధం పాటించి వలలు బాగు చేసుకుంటూ కూర్చున్న మత్స్యకారుడు. ఊళ్లో వేట గిట్టుబాటు కాక గుజరాత్ వెరావల్ పడవలెక్కిన ఉత్తరాంధ్ర వాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా జైల్లో మగ్గారు. ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ పడి ఉంటారో!

మరబోట్లకు రిజిస్ట్రేషన్ నంబర్లు ఎలాగూ ఉన్నాయి. ఆ నంబరు, దించిన హార్బరు, తేదీ ఉన్న చీటీ ప్రతి పెట్టెకూ అతికించమని రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆదేశించాలి. చీటీ లేని సరుకును అడగాల్సింది చిల్లరగా అమ్ముకునే వాళ్లను కాదు, తెల్లవారుజామున లారీలు దించుకునే హోల్‌సేల్ దగ్గర. వచ్చే మృగశిర నాటికి హైదరాబాద్‌లోనే మొదలుపెట్టొచ్చు.

— ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్