పేలింది నక్షత్రం కాదు: తిరుపతి మిద్దెల మీది నుంచి యూ జెమినోరమ్

సంపాదకులకు నమస్కారం.

ఆకాశ వార్తల్లో ‘నక్షత్రం పేలింది’ అన్న మాట విరివిగా వాడేస్తున్నారు. మిథున రాశిలోని యూ జెమినోరమ్ లాంటివాటి విషయంలో అది తప్పు. 1855లో జాన్ రస్సెల్ హిండ్ గుర్తించిన ఈ నక్షత్రం నిజానికి ఒక జంట. అందులోని శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన చిన్న నక్షత్రం) తోడు నక్షత్రం నుంచి వాయువును లాగుతుంది. ఆ వాయువు చుట్టూ పళ్లెంలా తిరుగుతూ పోగవుతుంది. వేడెక్కి హైడ్రోజన్ అయనీకరణం చెందగానే (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోగానే) పళ్లెంలో జిగట పెరిగి, పోగైన సరుకు గబగబా లోపలికి జారుతుంది. వెలిగేది ఆ పళ్లెమే. 14వ మాగ్నిట్యూడ్ నుంచి 9కి, అంటే వంద రెట్లు (మాగ్నిట్యూడ్ ప్రకాశపు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). ఈ వెలుగు సగటున వంద రోజులకోసారి వస్తుందిగానీ తేదీ చెప్పి రాదు, అందుకే ఎవరో ఒకరు రోజూ చూస్తూ ఉండాలి.

ఈ పని మన జిల్లాల్లో హాయిగా చేయొచ్చు. ఇలాంటిదే హంస రాశిలోని ఎస్ఎస్ సిగ్ని ఇంతకన్నా పేరున్నదే, కానీ అది సాయంత్రాలు బాగా కనిపించే అక్టోబరు, నవంబరుల్లో మనకు ఈశాన్య రుతుపవనాల మబ్బులు. యూ జెమినోరమ్ సంక్రాంతి రోజుల్లో అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తుంది, ఏప్రిల్ దాకా సాయంత్రాలు దొరుకుతుంది. ఊరి దీపాల వెలుగు దిగువనే ఉండిపోతుంది.

ఆరంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోపు) చాలు. నక్షత్రం వెంట తనే తిరిగే పీఠం, అంటే ట్రాకింగ్ మౌంట్, కొనేవాళ్లు దాన్ని ధ్రువ నక్షత్రం వైపు సరిచూసి నిలపాల్సి వస్తే ఒకటి గమనించాలి: ఇక్కడ ధ్రువ నక్షత్రం ఎత్తు పదమూడున్నర డిగ్రీలే, కొండ అడుగు వీధుల్లో అది కొండ చాటుకు పోవచ్చు.

పునర్వసు జంటలోని పోలక్స్ నుంచి దక్షిణంగా ఆరు డిగ్రీలు, కాస్త తూర్పుకు వెతకండి. వెలుగు మారే తారల పరిశీలకుల అమెరికా సంఘం ఏఏవీఎస్‌వో ఇచ్చే పటం ఉచితం. ఇలాంటి అద్దపు టెలిస్కోపులో (రిఫ్లెక్టర్‌లో) బొమ్మ తలకిందులవుతుంది, పటాన్నీ తిప్పి పట్టుకోవాలి. ఇరవై నిమిషాలు చీకట్లో ఉండి, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. పటంలో మాగ్నిట్యూడ్ రాసి ఉన్న పోలిక తారల్లో దీనికన్నా కాస్త ప్రకాశవంతమైనది ఒకటి, కాస్త మసకైనది ఒకటి ఎంచుకుని, ఒక్కోదాన్నీ మధ్యకు తెచ్చి పోల్చండి. అవి 9.4, 10.0 అయి, మనది సరిగ్గా నడుమ ఉంటే 9.7.

ఎక్కువమంది చేసే పొరపాటు, కనబడని రాత్రి ఏమీ రాయకపోవడం. పక్కన 12.1 తార కనిపించి ఇది కనబడకపోతే ‘12.1 కంటే మసక’ అని రాయాలి. వెలుగు ఏ రాత్రి మొదలైందో తేల్చేది ఆ ఖాళీ రాత్రులే. నెలకోసారి చంద్రుడు దాని పక్కనుంచే వెళతాడు, ఆ మూడు నాలుగు రాత్రులు మాత్రం వదిలేయండి.

సమయాన్ని అంతర్జాతీయ సమయంలో (యూటీ) రాయాలి, అందుకు మన గడియారం నుంచి అయిదున్నర గంటలు తీసేయాలి. తెల్లవారుజామున 2 గంటలకు చూసినది ముందు రోజు తేదీతోనే నమోదు కావాలి. జూలియన్ దినమైతే (ఖగోళ పరిశీలకులు వాడే రోజుల వరుస లెక్క) మనకు సాయంత్రం 5:30కే మారుతుంది కాబట్టి రాత్రంతా ఒకే అంకెలో ఉంటుంది.

డిసెంబరులో విద్యార్థుల పేజీలో ఈ నక్షత్రం పటం అచ్చువేయాలని మనవి. పోలిక తారల అంకెలు చదవగలిగే సైజులో ఉండాలి.

– ఒక ఆకాశ పరిశీలకుడు, తిరుపతి