ప్రజారోగ్య అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

దోమల లార్వాలను చంపడానికి నిల్వ నీటిలో ఏటా అదే టెమిఫాస్ మందు కలుపుతున్నారు. డెంగీని మోసే ఏడిస్ దోమ లార్వాలు చాలా దేశాల్లో ఇప్పటికే ఆ మందును తట్టుకుంటున్నాయి. మోతాదు పెంచితే, లార్వాలను తిని బతికే నీటి పురుగులకే ముప్పు.

దయచేసి దోమ లార్వాలను చంపే బీటీఐ (బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్) వైపు చూడండి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో, నిలిచిన నీటిలో దొరికిన బ్యాక్టీరియా ఇది. తొట్టిలోకి వంగి చూడండి: లార్వాలు తలకిందులుగా వేలాడుతూ, తోక దగ్గరి గొట్టంతో నీటి పైనున్న గాలి పీలుస్తుంటాయి. మన నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. నీటిలోని రేణువులతో పాటు అవి బీటీఐ తయారుచేసే ప్రోటీన్ స్ఫటికాలనూ మింగుతాయి. క్షారగుణం ఉన్న వాటి పేగులో స్ఫటికాలు కరిగి, విషంగా మారి, పేగు గోడనే ఛిద్రం చేస్తాయి. మనుషులకు, పశువులకు, చేపలకు ఆ బెడద లేదు. ప్రభావం ఎక్కువ కాలం నిలవదు, మళ్లీ మళ్లీ వేయాల్సిందే. అందుకు నిధులు ముందే కేటాయించండి.

వేపలోని అజాడిరాక్టిన్ కూడా లార్వా ఎదుగుదలను అడ్డుకుంటుంది. లార్వాలను తింటాయని గంబూసియా చేపలను మాత్రం చెరువుల్లో వదలకండి! స్థానిక చేపల గుడ్లను, పిల్లలను అవి తినేస్తాయి.

ఏ మందు ఎక్కడ, ఎంత వేస్తున్నారో ఈ వర్షాకాలం నుంచే వార్డుల వారీగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు