జిల్లా ఆస్పత్రికి ఒక బరమా కావాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడు ఆపరేషన్లలో డాక్టర్లు సిరంజిని కోసి పరికరంగా వాడుతున్నారన్న మీ వార్త చదివాను. విశాఖలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరై, ఇప్పుడు ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాను. వార్త బాగుంది, కానీ అద్భుతం అన్న మాట నచ్చలేదు.

సిరంజిలో ప్లంజర్ తీసేసి ముక్కు వైపు కోస్తే గొట్టం మిగులుతుంది. లోతుగా ఉన్న గడ్డ దగ్గరికి అదే దారి. మెదడును పక్కకి పట్టి ఉంచే రేకులాంటి రిట్రాక్టర్ ఒకచోటే నొక్కుతుంది. గొట్టం చుట్టూ సమానంగా ఆనుతుంది, లోపలి గోడలూ కనిపిస్తాయి. మరి కోసిన అంచు? దాన్ని నునుపు చేయకుండా పంపితే మెదడు చీరుకుపోదా? అది రాయలేదు.

చవకంటే నాసిరకమని కాదు. తలలో నీరు చేరిన పిల్లలకు వేసే ఛాబ్రా షంట్ (ఆ నీటిని పక్కకు మళ్లించే గొట్టం) మన ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యేదే. ఉగాండాలో 195 మంది పిల్లల మీద దాన్ని ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూసి, ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో ప్రచురించారు. అప్పట్లో మనది 35 డాలర్లు, విదేశీది 650. అలా పరీక్షించాకే ఎవరైనా నమ్ముతారు.

మా వైపు అయితే సిరంజి దాకా కూడా పోనక్కర్లేదు. బైక్ మీంచి పడ్డ కుర్రాడు మొదట బాగానే మాట్లాడతాడు, కాసేపటికి మత్తులోకి జారుకుంటాడు. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం గూడుకట్టిందన్నమాట. ఇక అంబులెన్సు, విశాఖ రోడ్డు, టెన్షన్. మెదడు మీద ఒత్తిడి పెరిగి ఒక కంటిపాప పెద్దదయ్యేసరికి బొబ్బిలి కూడా దాటరు.

ఆ రక్తానికి దారి చేయడానికి హడ్సన్ బ్రేస్ ఉంటుంది. చేత్తో తిప్పే బరమా, కరెంటు అక్కర్లేదు. మొనదేరిన బిట్‌తో మొదలుపెడతారు, మేం పక్కనుంచి సెలైన్ పోస్తూ ఉంటాం. పుర్రె ఎముక లోపలి పలక దాటబోతుంటే పిడి పట్టేసినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగి, గుండ్రటి తల ఉన్న బర్‌కు మార్చి రంధ్రం వెడల్పు చేస్తారు. ఎముక పలకే తీయాలంటే జిగ్లీ తీగ రంపం ఉంది. రెండు రంధ్రాల మధ్య దూర్చి రెండు చేతులా లాగడమే. ఆవిరి ఒత్తిడితో శుద్ధి (ఆటోక్లేవ్) చేసుకుంటూ బ్రేస్‌ను ఏళ్లపాటు వాడొచ్చు. మొద్దుబారిన బిట్లు మాత్రం మార్చాలి, ఆ చిన్న బిల్లుకే సంతకం దొరకదు!

బరంపురం నుంచి కోరాపుట్ దాకా ఏయే ఆస్పత్రుల్లో ఈ సెట్టు ఉంది, వాడటం వచ్చిన జనరల్ సర్జన్ ఉన్నారా, రాత్రిళ్లు సీటీ స్కాన్ తీస్తున్నారా అన్నది మీ విలేకరులతో కనుక్కుని వేయండి.

– ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు, రాయగడ