మాలలో ఉన్న అబ్బాయికి

స్వామీ,

అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ణి పేరు పెట్టి రాయకూడదట, మీ అమ్మ పక్కనే కూర్చుని మరీ చెబుతోంది. ఇక్కడ అందరం కులాసా. గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వు ఫోన్ ఎత్తకపోతే పరీక్షలేమో అనుకున్నాం.

చన్నీళ్ళ స్నానం చేశాక తల సరిగ్గా తుడుచుకుంటున్నావా? నీకసలే పడిశం. చాప మీద పడుకోవాలన్నారు గానీ కింద దుప్పటి పరుచుకోవద్దని ఎవరూ అనలేదు. చెప్పుల్లేకుండా తిరుగుతున్నావు, మీ హాస్టల్ సందులో సీసాపెంకులుంటాయి, చూసుకో.

సీసాలంటే గుర్తొచ్చింది. మీ రూమ్మేట్ పుట్టినరోజు ఫోటో శీను చూపించాడు. నీ చేతిలో గ్లాసుంది. కూల్‌డ్రింకే అయ్యుంటుంది, నేనేమీ అడగడం లేదు.

మీ చిట్టి మామయ్య కన్నెస్వామిగా, అంటే మొదటిసారి మాల వేసుకుని ఉన్న ఏడే పెద్దబాబు పెళ్ళి. మర్నాటి విందులో పెళ్ళికొడుకు స్నేహితులు వాణ్ణి చుట్టేశారు. "మాల తీసి జేబులో పెట్టు, రెండు ముక్కలు తిని మళ్ళీ వేసుకో" అని ఒకటే గొడవ. వాడి సంగతి తెలుసుగా, గట్టిగా కాదనడం చేతకాదు. కాసేపు నవ్వుతూ నిలబడి, చల్లగా వెళ్ళి పెరుగు బకెట్ అందుకుని వడ్డనకి దిగాడు. వడ్డించేవాణ్ణి నువ్వెందుకు తినలేదని ఎవరడుగుతారు? ఆఖరి బంతిలో ఆ కుర్రాళ్ళే "స్వామీ, ఇటు కాస్త పెరుగు" అని ఆకు చూపించారు. రాత్రి ఇంటికొచ్చి అటుకులూ అరటిపండూ తిని పడుకున్నాడు.

నువ్వూ వాదన పెట్టుకోకు. మాలలో ఉన్నానని ఒక్కసారి చెప్పి, కేకు పంచు, ఫోటోలు తియ్యి, పూజ టైముకి లేచి వచ్చెయ్. మాల తీసిన రాత్రే బారుకెళ్ళేవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళని చూపించి ఎవడైనా వెటకారం చేస్తే జవాబు చెప్పే పని నీకు లేదు. కాలేజీలో ఇంకో స్వామి ఉంటే భిక్షకి అతనితో కూర్చో, ఒక్కడివే నెట్టుకురావడం కష్టం. మాల వేసుకోమని మేమెవరం అనలేదు, నువ్వే పట్టుబట్టి వేసుకున్నావు, 41 రోజులంటే... సరే, మీ అమ్మ గుడ్లురుముతోంది, ఆపుతాను.

ఏ ఏడాది ఒక్క కన్నెస్వామీ శబరిమల కొండకు రాడో ఆ ఏడాది మాలికాపురత్తమ్మను పెళ్ళాడతానని అయ్యప్ప మాటిచ్చాడంటారు కదా. అమ్మవారు ఏటా కొండదారిలోని శరంగుత్తిలో కన్నెస్వాములు గుచ్చిన బాణాలు చూసి వెనుదిరుగుతుందట. పాపం, ఆవిడ సంగతి ఎలా ఉన్నా, ఈసారి నీ బాణం అక్కడ ఉండాలని మీ అమ్మ పట్టుదల. స్వామికి నెయ్యి నింపి తీసుకెళ్ళే ముద్ర కొబ్బరికాయలోకి ఆవునెయ్యి ఇప్పటినుంచే కాచి దాస్తోంది.

బస్సులో తువ్వాళ్ళు, పసుపు వేసిన కొబ్బరినూనె పంపుతున్నాను. పాదాలు పగిలితే రాత్రిపూట రాసుకో. గురుస్వామి దర్శనం వర్చువల్ క్యూ బుకింగ్‌కి నీ ఆధార్ నంబరు అడుగుతున్నారు. ఫోన్ ఎత్తకపోయినా అదైనా మెసేజ్ పెట్టు. ఆ గ్లాసులో ఏముందో కూడా రాస్తే మీ అమ్మకి టెన్షన్ తగ్గుతుంది.

నాన్న