పేరు రాయకపోయినా ఆనవాళ్లు రాసేస్తున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది అంబాజీపేట దగ్గరండి. 15 ఏళ్లుగా పొట్టిక్కలకి (అంటే ఆకు బుట్టలో ఆవిరి మీద ఉడికించే ఇడ్లీలకి) పనసాకు బుట్టలు కుట్టి ఒక టిఫిన్ హోటల్‌కి ఇస్తున్నాను. ఆ హోటల్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి "ఏడీ ఆ కుర్రాడు?" అని వెతుకుతారు.

హోటల్ నడిపే వదినగారు చదువు మానేసి తిరిగే పిల్లల్ని, ఏదో కేసులో జువైనల్ హోమ్‌కి వెళ్లొచ్చిన పిల్లల్ని పనిలో పెట్టుకుంటారు. 18 నిండాకే. ముందు పిండి, పొయ్యి పని. తర్వాత వడ్డన. నమ్మకం కుదిరాక గల్లాపెట్టె.

అలా వచ్చిన ఒక కుర్రాడికి బుట్ట కుట్టడం నేనే నేర్పాను. నాలుగాకులు కలిపి కొబ్బరి ఈనె పుల్లలు గుచ్చాలి. లేతాకైతే ఆవిరికి వాలిపోతుంది, ముదురాకైతే మడత దగ్గర చిట్లుతుంది. పుల్ల వదులైతే పిండంతా అడుగున కారిపోతుంది. వారం తిరక్కుండానే వాడి బుట్టకీ నా బుట్టకీ తేడా కనిపెట్టలేకపోయాను. తెల్లారకట్ల నాలుగింటికి నాకంటే ముందే వచ్చి కూర్చునేవాడు. "పిన్నీ, ఇవి చూడు" అని వరసగా పేర్చి చూపించేవాడు.

వాడికి 16 ఏళ్లప్పుడు బండి దొంగతనం కేసయ్యింది. తప్పే, కాదనను. అప్పుడు ఒక పేపర్లో వార్త వేశారు. పేరు వేయలేదు. కానీ ఊరి పేరు, వాళ్ల నాన్న చేసే పని, వాడు టెన్త్ చదివిన స్కూలు, అన్నీ వేశారు. లంక ఊళ్లో ఆ పని చేసేది ఒక్కడేనండి. ఇంక పేరు వేస్తే ఎంత, వేయకపోతే ఎంత?

మొన్న ఒకాయన ప్లేటు ముందు కూర్చుని, "నువ్వు ఫలానా వాళ్లబ్బాయివి కదూ? అప్పట్లో పేపర్లో పడింది నీ గురించే కదూ?" అని పదిమందిలో అడిగారు. వాడి చేతిలో అల్లం చట్నీ గరిటె అలాగే ఉండిపోయింది. ఏమీ అనకుండా వెనక్కొచ్చి నా పక్కన కూర్చుని ఆకులు తీసుకున్నాడు. ఆ పూట వాడు కుట్టిన బుట్టలన్నీ కారిపోయాయి. మర్నాడు పనిలోకి రాలేదు. వదినగారు స్కూటీ మీద వాళ్లింటికెళ్లి రెండు రోజులు బతిమాలితే వచ్చాడు. ఇప్పుడు పొయ్యి దగ్గరే ఉంటున్నాడు. వడ్డనకి రానంటున్నాడు.

హోటల్లో రోజూ టిఫిన్ చేసే లాయరు గారిని అడిగాను. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉందట. కేసులో ఉన్న పిల్లల పేరు, అడ్రసు, స్కూలు, ఫొటోయే కాదు, ఫలానా వాడని తెలిసిపోయే ఏ వివరమూ పేపర్లో గానీ టీవీలో గానీ రాకూడదట. పిల్లాడి మేలు కోసం, ఇలాంటి కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు వాళ్లు ఒప్పుకుంటే తప్ప. మీరితే 6 నెలల వరకూ జైలు, లేదంటే 2 లక్షల వరకూ జరిమానా, లేదా రెండూనట. ఇంత గట్టి చట్టం ఉంటే ఆ వార్త ఎలా వచ్చిందండీ? రాసిన బాబుకి తెలియక రాశాడనే అనుకుంటున్నాను. ఊరి పేరు ఒక్క మాట, స్కూలు పేరు ఒక్క మాట, అంతే కదా అనుకుని ఉంటాడు.

మీ పేపర్లో అలా రాయనివ్వకండి. మండలాల్లో మీకు వార్తలు పంపే విలేకరులందరికీ ఈ సెక్షన్ గురించి ఒకసారి చెప్పండి. పాత వార్తల్లో ఇలాంటివి ఫోన్లలో ఇంకా కనిపిస్తుంటే తీయించండి.

వచ్చే నెలలో ఇంకో కుర్రాడు పనిలోకి వస్తున్నాడు. వాడిది కూడా పేపర్లో పడిన కేసే. వాణ్ణి వడ్డనలో పెట్టాలా, లోపలే ఉంచాలా అని వదినగారు నన్ను అడుగుతున్నారు.

ఇట్లు,
పనసాకు బుట్టలు కుట్టే ఒక మహిళ,
అంబాజీపేట మండలం, కోనసీమ