ఫిల్లర్ అనగానే కొట్టేయాలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. దాని పక్కనే బాక్సు కట్టి, ఫిల్లర్ ఎపిసోడ్ల (మూలకథలో లేకుండా టీవీ కోసం అల్లినవి) నంబర్లు వరసగా ఇచ్చి, వీటితో టైమ్ వేస్ట్ చేసుకోకండి అన్నారు. నా పేచీ ఆ బాక్సుతోనే.

అసలు ఈ ఫిల్లర్లు ఎందుకు పుట్టాయో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఈ సిరీస్‌లకు మూలమైన బొమ్మల కథ, అంటే మాంగా, జపాన్ వారపత్రికలో వారానికో అధ్యాయం వస్తుంది, మహా అయితే ఇరవై పేజీలు. అదే వారంలో టీవీ ఎపిసోడ్ ఒకటి రెండు అధ్యాయాలను మింగేస్తుంది. కొన్నాళ్లకు టీవీ వచ్చి మాంగా మడమలు తొక్కుతుంది. ప్రసారం ఆపడం ఇష్టం లేకపోతే, రచయిత రాయని పిట్టకథ ఒకటి అల్లాల్సిందే. 'నరుటో' మొదటి సిరీస్‌లో 220 ఎపిసోడ్లుంటే, 135 తర్వాత దాదాపు అన్నీ అలా అల్లినవే. వాటిలో చాలా వరకు నీరసంగా ఉంటాయి, కాదనను.

కానీ అదే సిరీస్‌లో 101వ ఎపిసోడ్ సంగతేమిటి? ముగ్గురు శిష్యులు కకాషి మాస్టారి ముసుగు వెనక ముఖం చూడాలని పడే తిప్పలు తప్ప అందులో ఇంకేమీ లేదు. యుద్ధాల మధ్య ఆ పిల్లలు పిల్లల్లా కనిపించేది అలాంటి చోటే. 'వన్ పీస్'లో 196 నుంచి 206 వరకు జి-8 కథ ఇంకా నయం. హీరోలైన ఓడ దొంగలు నేరుగా వెళ్లి జి-8 అనే నేవీ కోటలో పడతారు. వంటవాడు సాంజి శత్రువుల వంటింట్లోనే గరిట పడతాడు. ఆ కోట అధిపతికి చేపలు పట్టే సరదా, దొంగలనూ అంతే ఓపికగా పట్టాలని చూస్తాడు. ఇదంతా మాంగాలో లేదు. మా అబ్బాయి ఫోన్‌లో మీలాంటి జాబితా ఒకటి పెట్టుకుని, "అమ్మా, ఇవి కథలోకి రావు, స్కిప్ చెయ్" అన్నాడు. నేను వినలేదు. రెండో ఎపిసోడ్‌కి వాడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. జాబితా మాత్రం డిలీట్ చేయలేదు, అది వేరే సంగతి!

నిజంగా తిట్టాల్సింది ఫిల్లర్‌ను తెచ్చి పెట్టిన చోటుని. 'బ్లీచ్'లో హీరో, స్నేహితులు శత్రులోకంలో ప్రాణాలకు తెగించి పోరాడుతుంటే, 168వ ఎపిసోడ్‌లో హఠాత్తుగా ఎవరో కొత్త కెప్టెన్ దిగుతాడు. 189 దాకా ఆయన గొడవే. అక్కడ నాకూ ఒళ్లు మండింది. ఆ కథే యుద్ధం ముగిశాక వచ్చుంటే ఇంత విసుగు పుట్టేది కాదు.

ఇప్పుడు ఎక్కువ సిరీస్‌లు పన్నెండో, ఇరవై నాలుగో ఎపిసోడ్ల సీజన్లుగా, మాంగా ముందుకెళ్లాక వస్తున్నాయి కాబట్టి ఫిల్లర్ బెడద తగ్గింది. దాంతోపాటు పాత్రలు ఊపిరి పీల్చుకునే తీరికా తగ్గింది. 2023లో మొదలైన 'ఫ్రీరెన్'లో, చనిపోయిన స్నేహితుడికి ఇష్టమైన పువ్వు కోసం నెలల తరబడి వెతుకుతారు. అందరూ ఆహా అన్నారు. అది మాంగాలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ బాక్సులోకే ఎక్కేది.

ఈసారి జాబితా వేసేటప్పుడు మాంగాలో ఉందా లేదా అన్న ఒక్క లెక్కతో సరిపెట్టకండి. కథను మధ్యలో తెంచేవి ఏవో, విడిగా చూసినా బాగుండేవి ఏవో వేరు చేసి ఇవ్వండి. జి-8ని మాత్రం రెండో వరసలో, మొదటి పేరుగా పెట్టాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు