రూపాయికి డాలర్: ఈ కాకిలెక్క ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు,

స్వాతంత్ర్య దినోత్సవ అనుబంధంలో మీరు వేసిన డాలర్–రూపాయి పట్టికకు సవరణ వస్తుందేమోనని వారం దాటినా చూస్తూనే ఉన్నాం. రాలేదు సరికదా, ఆదివారం నాడు అదే అంకె మీద ఒక కార్టూన్ కూడా వచ్చింది. ‘1947: ఒక డాలర్ = ఒక రూపాయి.’ ఏటా ఆగస్టులో వాట్సాప్‌లో తిరిగే ఈ ముక్కను ఒక దినపత్రిక రంగుల పెట్టెలో పెట్టి అచ్చేయడమేమిటి?

దీన్ని తేల్చడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. 1927 నుంచి రూపాయి విలువ 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. అప్పటి పౌండుకు 240 పెన్నీలు. కాబట్టి పౌండుకు 13.33 రూపాయలు. 1947లో పౌండుకు 4.03 డాలర్లు. 13.33ను 4.03తో భాగిస్తే 3.31. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1946 డిసెంబరులో నమోదు చేసిన అధికారిక విలువ కూడా ఇదే: రూపాయికి 30.225 సెంట్లు. అణాల్లో చెప్పాలంటే డాలరుకు ఇంచుమించు 3 రూపాయల 5 అణాలు. మీ పట్టిక నిజం కావాలంటే పౌండు 4 రూపాయలకు దొరకాలి. 1920లో వెండి ధర ఆకాశానికెక్కి రూపాయి మహా వెలిగిన రోజుల్లో కూడా అలా దొరకలేదు.

ఇక 1949 గడే లేదు. ఆ సెప్టెంబరులో బ్రిటన్ పౌండును 4.03 డాలర్ల నుంచి 2.80కి దించింది, మనమూ వెంటే దిగాం. పౌండుకు 13.33 అలాగే ఉంది, డాలరు మాత్రం 4.76 అయింది. పాకిస్తాన్ దిగనని కూర్చుంది. దాంతో వాళ్ల 100 రూపాయలు మన 144 రూపాయలయ్యాయి. ఆ రేటును మనం ఒప్పుకోలేదు. రెండు దేశాల మధ్య వ్యాపారం స్తంభించి, కలకత్తా మిల్లులు తూర్పు బెంగాల్ జనపనారకు ముఖం వాచాయి. ఇంత జరిగిన ఏడాదికి పట్టికలో చోటు దొరకలేదు, పక్కన డాలర్ల కట్ట బొమ్మకు మాత్రం అరపేజీ దొరికింది.

1966 జూన్ 6న 4.76 కాస్తా 7.50 అయింది. ఈ అంకె సరిగ్గానే వేశారు, సంతోషం. కింద ‘రూపాయి 57 శాతం పతనం’ అని రాసి దాన్నీ చెడగొట్టారు. 57.5 శాతం పెరిగింది డాలరు ధర. రూపాయి విలువ తగ్గింది 36.5 శాతం. మీ పద్ధతిలో లెక్కేస్తే, డాలరు ధర మూడింతలైన రోజున రూపాయి 200 శాతం పడిపోవాలి. అంటే మన దగ్గర రూపాయి ఉంటే అమెరికాకు మనమే బాకీ అన్నమాట! 1967 నవంబరులో పౌండు 2.40 డాలర్లకు దిగినప్పుడు మనం వెంట వెళ్లలేదు, పౌండు 21 రూపాయల నుంచి 18కి వచ్చింది. రూపాయి నిలబడిన సందర్భం కాబట్టి కాబోలు, దాని ఊసే లేదు.

అసలు గందరగోళం 1991 దగ్గర. పై వరుసల్లో ఆర్థిక సంవత్సర సగటు, కింది వరుసల్లో మార్చి ఆఖరు రేటు, రెండింటినీ ఒకే గీతతో కలిపేశారు. 1990–91 సగటు 17.94, 1991–92 సగటు 24.47. సగటు మాత్రమే చూసేవాడికి 1991 జూలై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువకు కోసిన కోత కనబడదు. ఆ మూడు రోజుల్లో డాలరు 21 రూపాయల చిల్లర నుంచి 26 దరిదాపులకు వెళ్లింది. ఆ తర్వాత 1992 మార్చి నుంచి ఏడాది పాటు దేశంలో రెండు రేట్లున్నాయి. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో 40 శాతానికి అధికారిక రేటు, 60 శాతానికి మార్కెట్ రేటు. 1993 మార్చిలో గానీ రెండూ ఒకటి కాలేదు. మీరు ఆ ఏడాదికి వేసిన ఒకే ఒక్క అంకె ఈ రెంటిలో ఏది?

మారకం రేటు అచ్చేసేటప్పుడు తేదీ ఏమిటి, సగటా ముగింపా, క్యాలెండర్ ఏడాదా ఏప్రిల్–మార్చి ఏడాదా, బ్యాంకు కొనే రేటా అమ్మే రేటా చెప్పకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఇప్పటి రేట్లకైతే రోజూ వెలువడే రిఫరెన్స్ రేటు ఉంది. 2018 జూలై దాకా రిజర్వు బ్యాంకు ఇచ్చేది, ఆ తర్వాత ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ ఇస్తోంది. దాన్ని వదిలేసి కరెన్సీ నోట్లు మార్చే కౌంటరు రేటు తెచ్చి 1966 అధికారిక రేటు పక్కన పెడితే పోలికే తప్పు.

మిమ్మల్ని ఒక్కరినే అని లాభం లేదు. వేదికలెక్కిన నాయకులు, ఏ పార్టీ వాళ్లైనా, ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఈ రూపాయి–డాలర్ పాటే పాడతారు, గద్దెనెక్కగానే మరిచిపోతారు. పోటీ పరీక్షల గైడ్లలో ఇది సరైన జవాబుగా టిక్కు పెట్టి మరీ ఉంటుంది. తెలిసి 3.31 అని రాసిన పిల్లవాడికి సున్నా! ‘అప్పట్లో విదేశీ అప్పు లేదు గనుక రూపాయి డాలరుకు సమానం’ అని దానికో సిద్ధాంతం కూడా. అప్పు లేకపోవడమే కాదు, బ్రిటనే మనకు వంద కోట్ల పౌండ్లకు పైగా బాకీ ఉంది. అయినా రేటు 3.31. అప్పుకూ ఒకటికి ఒకటి అనే అంకెకూ సంబంధమేమిటి? జపాన్ 1949లో డాలరుకు 360 యెన్లని కట్టి, రెండు దశాబ్దాలకు పైగా ఆ రేటు మీదే ప్రపంచానికి సరుకు అమ్మింది. 360 చూసి అక్కడెవరూ పరువు పోయిందని ఏడవలేదు.

సవరణంటూ వేస్తే పట్టిక వేసినంత పెట్టెలో, అదే పేజీలో వేయండి. పదకొండో పేజీలో వివాహ ప్రకటనల కింద కాదు.

ఇట్లు,
మీ పాఠకుడు